ఏడు రోజులు ఇంటి నిండా జనం... ఆ తర్వాత మామ్మగారి సంగతేమిటి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కోనసీమ. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. నేను చూసుకునే మామ్మగారికి తొంభై ఏళ్ళు. అందరిలాగే నేనూ ఆవిడని 'సవ్తా' (మామ్మ) అంటాను. పుట్టింది రొమేనియాలో. చిన్నతనంలో యుద్ధం చూశారని కూతురు ఒకసారి చెప్పారు, అంతకు మించి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. బాగా మతనిష్ఠ ఉన్న యూదుల కుటుంబం. నాలుగు నెలల కిందట తాతగారు పోయారు. ఏడు రోజులు ఇంటి నిండా జనం. అద్దాలకు దుప్పట్లు కప్పారు, పొట్టి కుర్చీల మీద కూర్చున్నారు, వంట చెయ్యనివ్వకుండా ఇరుగుపొరుగే తెచ్చిపెట్టారు. ఎనిమిదో రోజు నుంచి నేనూ ఆవిడా మిగిలాం.

ఇప్పుడు ఆవిడ సరిగ్గా తినరు. రాత్రి రెండింటికి లేచి బూట్లు తొడుక్కుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వీధి తలుపు దగ్గర కూర్చుంటారు. పక్క దులుపుతుంటే దిండు కింద టిష్యూలో చుట్టిన రొట్టె ముక్కలు దొరుకుతున్నాయి. "దేవుడు నన్నెందుకు మర్చిపోయాడు" అంటున్నారు. కూతురికి చెబితే "ఎవరితోనూ అనకు, మా అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నాం" అన్నారు. కొడుకు "సంతోషంగా ఉండమని మన పెద్దలు చెప్పారు, మా మతగురువు రబ్బీగారిని కూడా అడుగుతాం" అన్నారు. రెండు వారాలైంది. మనసుకి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాళ్ళ మతంలో తప్పా? పనిమనిషిని, నేను మళ్ళీ ఎత్తితే బాగుంటుందా? ఆవిడ ఎప్పుడు లేస్తారో అన్న టెన్షన్‌తో నాకూ నిద్ర పోయింది. ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందనే చెప్తున్నాను.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ పేరూ ఊరూ తీసేసి వేస్తున్నాను. సంబంధం మాట్లాడుకుంటున్న ఇల్లని మీరే రాశారు కదా, ఆ పిల్లకి మన వల్ల మాట రాకూడదు.

ముందు తొందరగా తేలాల్సిన విషయం. "నన్నింకా తీసుకుపోడేం ఆ దేవుడు" అని మన ముసలివాళ్ళూ అంటూనే ఉంటారు. మామూలు మాటే కదా అని వదిలెయ్యకండి. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని సూటిగా అడగండి: "సవ్తా, చచ్చిపోవాలనిపిస్తోందా? మీకు మీరే ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు చాలామంది. అలా జరగదు. అడిగే మనిషి దొరికినందుకే బరువు దిగినట్టుంటుంది వాళ్ళకి. ఆవిడ అవునన్నా, మాత్రలు దాస్తున్నట్టు కనబడినా, తిండితో పాటు నీళ్ళు కూడా మానేసినా ఇక రబ్బీగారి కోసమో కూతురి అనుమతి కోసమో ఆగొద్దు. 101కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి, ఆ తర్వాత కూతురికి చెప్పండి. మందుల డబ్బా ఈరోజు నుంచి మీ చేతిలో ఉండాలి. అంత ప్రమాదం లేదు గానీ ఏం చెయ్యాలో తోచడం లేదు అనిపించినప్పుడు అక్కడ 1201 అని 'ఎరాన్' వాళ్ళ ఫోన్ ఉంది. 1971 నుంచి నడుస్తోంది. మనసు బాగోలేనివాళ్ళు చేయొచ్చు, వాళ్ళని చూసుకునేవాళ్ళూ చేయొచ్చు.

శుక్రవారం సాయంత్రం పొద్దుగుంకాక ఇలాంటిది జరిగితే? అప్పటి నుంచి వాళ్ళ విశ్రాంతి దినం, షబ్బాత్. ఆ ఇంట్లో ఆ రోజు ఫోన్ ముట్టుకోరు, లైటు స్విచ్ కూడా వెయ్యరు. మీరు యూదులు కాదు కాబట్టి మీకా నియమం లేదు. అసలు ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాళ్ళకీ లేదు. ఆజ్ఞలు ఇచ్చింది వాటి వల్ల బతకడానికి, చావడానికి కాదు అని తల్మూద్ (వాళ్ళ ప్రాచీన ధర్మచర్చల గ్రంథం) పండితులు ఎప్పుడో తేల్చేశారు. ప్రాణం కాపాడటానికి షబ్బాత్‌ను మీరడం అక్కడ పాపం కాదు, తప్పనిసరి. మనిషి తనకు తాను హాని చేసుకునే ప్రమాదాన్ని కూడా ఆ లెక్కలోనే వేస్తారు. కాబట్టి ఆ రాత్రి మీరు ఫోన్ చేశారని ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. చెయ్యకపోతేనే అడుగుతారు.

ఇక మీ అసలు ప్రశ్న. మనసుకి వైద్యం చేయించుకోవడం యూదు మతంలో తప్పు కాదు. వాళ్ళ పాత గ్రంథాల్లో మనసు కుంగిన మనిషిని చూసిన తీరు నాకు చాలా నచ్చుతుంది. మీరు చర్చికి వెళ్ళేవారైతే ఏలీయా కథ తెలిసే ఉంటుంది. అంతటి ప్రవక్త, ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూలబడి, "చాలు దేవా, నా ప్రాణం తీసుకో" అంటాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? విశ్వాసం తగ్గిందని మందలించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి చూపించి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఏలీయాతో మాట్లాడింది నిద్ర, తిండి అయ్యాకే. మీరు పొద్దున్నే ఆవిడ నోటికి రెండు చెంచాల గంజి అందించడానికి పడుతున్న పాటు ఆ దేవదూత పనిలాంటిదేనని చెప్పక్కర్లేదనుకుంటాను.

షబ్బాత్ గురించే ఇంకొకటి. వెలుగుతున్న దీపాన్ని ఆ రోజు ఆర్పకూడదు. కానీ రోగి నిద్రపోవాలని ఆర్పినా, 'దురాత్మ' భయంతో ఆర్పినా దోషం లేదని మిష్నా అనే ప్రాచీన ధర్మశాస్త్రంలో ఉంది. ఆ 'దురాత్మ' అంటే ఏదో దయ్యం కాదు, తీవ్రమైన దిగులు జబ్బు, అందులో ఒక రకం రోగులకి వెలుతురు కనబడితే పడదు అని వ్యాఖ్యానం రాశాడు మైమోనిడీస్. యూదుల్లో ఆయన మాటకి చాలా విలువ. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో స్థిరపడి 1204లో పోయాడు. మత పండితుడు, దానికి తోడు రాజవైద్యుడు. సుల్తాన్ సలాదీన్ పెద్దకొడుకు మలబద్ధకం, అజీర్తి, దిగులు అని ఒకే దమ్ములో చెప్పుకుంటే, ఆయన ఆరోగ్యం మీద పుస్తకమే రాసిచ్చి అందులో మనసు సంగతికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఒళ్ళు జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరికి వెళ్ళినట్టే మనసుకి జబ్బు చేసినవాళ్ళు ఆ విద్య తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలని ఆయన ధర్మశాస్త్రంలోనే ఉంది. ఆ కొడుకుగారు దీన్ని కాదనలేరు.

ఈ మైమోనిడీస్ బతుకులో జరిగిన సంగతి ఒకటి మీకు చెప్పాలి. ఆయన తమ్ముడు దావీదు వ్యాపారం చేసి ఇంటిని పోషించేవాడు, అన్న చదువుకునేవాడు. ఆ తమ్ముడు ఇండియా వైపు వర్తకానికి బయల్దేరి మన హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. భార్య, చిన్న కూతురు మిగిలారు. ఆ కబురు అందిన రోజు నుంచి దాదాపు ఏడాది పాటు జ్వరంతో, దిగులుతో మంచం పట్టానని మైమోనిడీస్ స్వయంగా ఉత్తరంలో రాసుకున్నాడు. ఎనిమిదేళ్ళయినా ఓదార్పు లేదని, వాడి చేతిరాత ఎక్కడైనా కనబడితే గుండె తిరగబడుతుందని రాశాడు. దుఃఖానికి ఇన్ని రోజులని గడువులు రాసిపెట్టిన పండితుడే ఈ మాటా రాశాడు. నాలుగు నెలలకే సవ్తా తేరుకోలేదేమని ఆ ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే ఈ ఉత్తరం సంగతి గుర్తుచెయ్యండి.

మీరు చూసిన ఆ ఏడు రోజుల్ని వాళ్ళు షివా అంటారు. నాకు తెలిసిన సంతాప పద్ధతుల్లో ఇంత ఆలోచించి పెట్టింది తక్కువ. తలుపు గడియ పెట్టరు, వచ్చినవాళ్ళు బెల్లు కొట్టక్కర్లేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు లేచి నిలబడి ఎవరినీ పలకరించక్కర్లేదు. ముఖం ఎలా ఉందో చూసుకునే పని ఉండకూడదని అద్దాలు కప్పుతారు. అన్నిటికన్నా పెద్ద నియమం, దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పే దాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. బైబిల్లో కష్టాల పాలైన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా నేల మీద కూర్చున్నారు చూడండి, అది. నోరు తెరిచాకే చెడగొట్టారు వాళ్ళు! మన ఇళ్ళలో పరామర్శకి వచ్చి "ఎలా జరిగింది, ఏ ఆస్పత్రిలో, ఎంతైంది" అని ఆరాలు తీసేవాళ్ళు తలుచుకుంటే నాకు ఈ నియమం మీద ఎక్కడలేని మమకారం కలుగుతుంది.

అయితే మీరు పట్టుకున్న లోపం నిజమే. ఏడు రోజుల తర్వాత ముప్ఫై రోజుల మెట్టు ఒకటుంది. ఏడాది పాటు సంతాపం పాటించేది తల్లిదండ్రుల కోసమే. అంటే పిల్లలకి ఇంకా ఎనిమిది నెలలు ఆ చట్రం ఉంది, కొడుకు గుడికి వెళ్ళి ప్రార్థన చదువుతాడు, అక్కడ నలుగురూ కనబడతారు. భార్యకి ముప్ఫైతోనే అయిపోయింది. అరవై, డెబ్భై ఏళ్ళు ఒకే గదిలో పడుకున్న మనిషికి! ధర్మశాస్త్రం అక్కడితో ఆగమన్నది అతిగా ఏడవొద్దని, మనిషిని ఒంటరిగా వదిలెయ్యమని కాదు. రోగిని చూడటానికి వెళ్ళడం వాళ్ళలో పెద్ద పుణ్యకార్యం. చూడటానికి వచ్చిన ఒక్కొక్కరూ జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతారని తల్మూద్‌లో మాట. వాళ్ళ సినగాగ్ (ప్రార్థనాలయం) ఆడవాళ్ళలో ఇలా ఇళ్ళకి వెళ్ళి కూర్చునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వారానికి ఇద్దరిని పంపమని అడగడానికి ఏ జబ్బు పేరూ చెప్పక్కర్లేదు. "అమ్మకి పొద్దుపోవడం లేదు" అంటే చాలు. కూతురికి ఈ దారి చూపించండి, ఆవిడ భయానికి ఇది అడ్డురాదు.

రొట్టె, బూట్లు. ఇవి ఉత్త దుఃఖం కాదు. రొమేనియాలో పుట్టి ఇప్పుడు తొంభై అంటే, రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆవిడ బాగా చిన్నపిల్ల. ఆ యుద్ధంలో అక్కడి యూదుల్ని లక్షల్లో ఊచకోత కోశారు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి డ్నీస్టర్ నది అవతలికి తరిమారు. చాలామంది ఆకలితో, జ్వరాలతో పోయారు. సవ్తా ఏం చూశారో మనకి తెలియదు, తెలుసుకోవడానికి తవ్వొద్దు కూడా. ఆ కాలం దాటి వచ్చినవాళ్ళలో రొట్టె దాచుకోవడం, రాత్రిళ్ళు బయల్దేరడానికి సిద్ధంగా కూర్చోవడం డాక్టర్లు తరచూ చూసే విషయమే. ఉద్యోగం, పిల్లలు, వంట అంటూ అరవై ఏళ్ళు అణిచిపెట్టినది ముసలితనంలో తోడు పోయాక పైకి తేలుతుంది.

కాబట్టి ఆ ముక్కలు ఆవిడ చూస్తుండగా చెత్తబుట్టలో వెయ్యకండి. మూత ఉన్న చిన్న డబ్బాలో తాజా రొట్టె పెట్టి మంచం పక్క బల్ల మీద ఉంచండి, రోజూ మార్చండి. ఎండినవి ఆవిడ నిద్రలో ఉన్నప్పుడు తీసెయ్యండి. రాత్రి తలుపు దగ్గర కూర్చున్నప్పుడు "ఎక్కడికి వెళ్తారు ఈ టైంలో" అని వాదించి చెయ్యి పట్టి లాగొద్దు. చిన్న లైటు వేసి, పక్కన కుర్చీ వేసుకుని, మీ పేరు చెప్పండి. "ఇది మీ ఇల్లు సవ్తా, తలుపు వేసే ఉంది, నేనిక్కడే ఉన్నాను" అనండి. భుజాల మీద దుప్పటి కప్పండి, వేడి టీ ఇవ్వండి. బూట్లు విప్పమనకండి, కాసేపటికి ఆవిడే విప్పుతారు. స్నానానికి షవర్ అంటే బెదిరితే మగ్గుతో పోయండి. ఎందుకని అడగొద్దు. నిద్రమాత్ర మాత్రం మీ అంతట మీరు ఇవ్వనే ఇవ్వొద్దు, ఆ వయసులో మత్తులో పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇలాంటివారి కోసమే అక్కడ 1987లో 'ఆమ్చా' అని సంస్థ పెట్టారు. ఆ నరమేధం నుంచి బయటపడ్డవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ మానసికంగా అండగా ఉండటమే వాళ్ళ పని. కదల్లేనివాళ్ళ ఇళ్ళకే వస్తారు. కూతురికి సైకియాట్రిస్టు అన్న మాట గొంతు దిగకపోతే ఆమ్చా అన్న మాట దిగొచ్చు. "యుద్ధం చూసినవాళ్ళతో మాట్లాడటానికి వస్తారట" అంటే ఏ సంబంధం చెడుతుంది?

దానికన్నా ముందు మామూలు ఫ్యామిలీ డాక్టర్ చూడాలి. వయసు మళ్ళినవాళ్ళు రాత్రిళ్ళు లేచి అయోమయంగా తిరగడానికి ఒక్కోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ చాలు. థైరాయిడ్, బీ12 తక్కువవడం, కొత్తగా మొదలెట్టిన మందు, ఇవీ కారణం కావచ్చు. మతిమరుపు జబ్బు మొదలవుతోందేమో కూడా చూడాలి. వాళ్ళ కుపాత్ హోలిం (ఆరోగ్య నిధి) కార్డు మీదే ఇదంతా అవుతుంది. 2015 జులై నుంచి మనసు జబ్బుల వైద్యం కూడా ఆ ఆరోగ్య నిధుల బాధ్యతే, అక్కడి నుంచే సైకియాట్రిస్టుకి పంపిస్తారు.

ఇప్పుడు కూతురి మాట. ఆవిడని చెడ్డదనుకోకండి. ఆ సమాజంలో పెళ్ళిళ్ళు మధ్యవర్తుల ద్వారా కుదురుతాయి. అటువైపువాళ్ళు బడికి, పొరుగింటికి, సినగాగ్‌కి ఫోన్లు చేసి ఇంటి గుట్టంతా వాకబు చేస్తారు. అమ్మమ్మ మందులు వాడుతోందంటే పిల్లకీ వస్తుందేమోనన్న అనుమానం. మన దగ్గర మాత్రం? మేనత్త పిచ్చాసుపత్రికి వెళ్ళిందని తెలిస్తే పెళ్ళిచూపులు రద్దయ్యే ఇళ్ళు గోదావరి జిల్లాల్లో ఎన్ని లేవు! భయం అర్థమవుతుంది, కానీ దానికి మూల్యం తొంభై ఏళ్ళ తల్లి కడుతోంది. అది న్యాయం కాదు.

మీరు మళ్ళీ ఎత్తడం తప్పా అన్నారు. పరాయి మనిషి గురించి మాట్లాడటం మీద యూదు మతంలో చాలా గట్టి నిషేధం ఉంది, నిజమైనా సరే చెప్పకూడదు. కానీ ఒకరికి హాని తప్పించడానికి, చెప్పాల్సిన మనిషికి, చెప్పాల్సినంత వరకే చెప్పడాన్ని అదే ధర్మం ఒప్పుకుంటుంది. మీరు చెయ్యాల్సింది సరిగ్గా ఇదే. పార్కులో కలిసే తోటి కేర్‌గివర్లతో అనకండి, వాళ్ళలో ఒకరు ఆ పెళ్ళివారింట్లోనే పనిచేస్తుండొచ్చు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. కూతురికి, కొడుక్కి మాత్రం చెప్పండి, ఈసారి జబ్బు పేర్లు లేకుండా. చిన్న నోట్‌బుక్ పెట్టండి. "సోమవారం రాత్రి 2.10కి లేచారు, 3.30 దాకా తలుపు దగ్గర. మధ్యాహ్నం సూప్ నాలుగు చెంచాలు. చచ్చిపోతాను అన్న మాట రెండుసార్లు." ఇలా వారం రాసి, ఫొటో తీసి ఇద్దరికీ ఒకేసారి పంపండి. "మీ అమ్మగారికి డిప్రెషన్" అంటే కోపం వస్తుంది, వాదన మొదలవుతుంది. టైము వేసి రాసినదాన్ని తోసెయ్యడం కష్టం. డాక్టర్‌కీ అదే కావాలి.

రబ్బీగారిని అడుగుతాం అన్న కొడుకుని కూడా తప్పించుకునే మనిషని అనుకోవద్దు. ఆ వర్గంలో పెద్ద నిర్ణయం ఏదైనా రబ్బీ మాటతోనే కదులుతుంది, ఆయన ఒక్కసారి "డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి" అంటే నెలల పని రోజులో అయిపోతుంది. అలా అనే రబ్బీలు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు, ఎవరి దగ్గరికి పంపాలో కూడా వాళ్ళకి తెలుసు. అబ్రహాం ట్వెర్స్కీ అని, హసిదీ అనే మతనిష్ఠ శాఖకి చెందిన రబ్బీ ఒకాయన ఉండేవారు. పొడుగాటి గడ్డం, నల్లకోటుతోనే సైకియాట్రిస్టు అయ్యి, అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని క్యాథలిక్ ఆస్పత్రిలో మానసిక విభాగాన్ని ఇరవై ఏళ్ళు నడిపారు. 1972లో తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడేవాళ్ళ కోసం గేట్‌వే అనే కేంద్రం పెట్టారు. 2021లో పోయారు. ఆ కొడుకు ఈ పేరు వినకుండా ఉండరు. కాకపోతే "కీర్తనలు చదవండి, తగ్గుతుంది" అని పంపేసేవాళ్ళూ లేకపోలేదు. కీర్తనలు చదవనివ్వండి, మంచిదే. కీర్తనలతో మూత్రంలో ఇన్ఫెక్షన్ మాత్రం తగ్గదు. అందుకే నోట్‌బుక్ ఫొటో రబ్బీగారికి కూడా చూపించమనండి. పైపైన అడిగితే పైపై జవాబే వస్తుంది.

"సంతోషంగా ఉండమన్నారు" అన్న మాట బ్రెస్లోవ్ నహ్‌మాన్‌ది. 1772లో పుట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళకే పోయిన హసిదీ గురువు. ఎప్పుడూ ఆనందంగా ఉండటం గొప్ప పుణ్యకార్యం అన్నారు, నిజమే. తన దిగులుతో జీవితాంతం కుస్తీ పట్టిన మనిషి కాబట్టే అన్నారు. అదే గురువు రోజూ కొంతసేపు ఒంటరిగా కూర్చుని, విరిగిన మనసుతో, ఇంట్లో మాట్లాడే భాషలోనే దేవుడితో అన్నీ చెప్పుకోమన్నారు. మొదటి సగం గోడకి తగిలించి రెండో సగం మర్చిపోతారు జనం. డాక్టర్లంటే ఆయనకి పడేది కాదు, అదీ నిజమే. అయితే క్షయ వచ్చినప్పుడు వైద్యానికి లెంబర్గ్ (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) వెళ్ళింది కూడా ఆయనే.

"పనిమనిషిని" అని రాశారు, ఆ మాట నాకు నచ్చలేదు. తల్మూద్‌లో రవ్ అసీ అనే పండితుడి తల్లికి ముసలితనంలో మతి చలించింది. నగలు కావాలంది, చేయించాడు. పెళ్ళికొడుకు కావాలంది, చూస్తానన్నాడు. నీ అంత అందగాడే కావాలి అన్నప్పుడు ఇక తట్టుకోలేక ఊరు విడిచి వెళ్ళిపోయాడు. దీన్ని పట్టుకుని మైమోనిడీస్ తీర్పు రాశాడు: తల్లికో తండ్రికో మతి తప్పితే వాళ్ళ మనసుకి తగ్గట్టు నడుచుకోవాలి, మరీ చేతకాకపోతే తాను తప్పుకుని, చక్కగా చూసుకునేలా వేరేవాళ్ళకి అప్పజెప్పొచ్చు. వెంటనే ఫ్రాన్సు నుంచి ఇంకో పండితుడు ఎదురుతిరిగాడు: కొడుకే వెళ్ళిపోతే ఇంకెవరికి అప్పజెబుతావయ్యా? ఇద్దరూ పోయి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. ఆ ఇంట్లో ఆ 'వేరేవాళ్ళు' మీరే. కన్నబిడ్డలు చెయ్యాల్సిన ధర్మం మీ చేతుల మీదుగా నడుస్తోంది, కాబట్టి ఆవిడ సంగతి ఎత్తే హక్కు మీకుంది.

మీ నిద్ర సంగతి. యోహానాన్ అని తిబెరియలో ఉండే పండితుడు, పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి, జబ్బుపడ్డ శిష్యుణ్ణి చూడబోయి "ఈ బాధలు నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. "ఇవీ వద్దు, వీటికి దక్కే పుణ్యమూ వద్దు" అన్నాడతను. "అయితే చెయ్యి ఇటివ్వు" అని లేపాడు. తర్వాత యోహానానే మంచం పట్టాడు. ఇంకొకాయన వచ్చి అదే ప్రశ్న అడిగి, అలాగే చెయ్యిచ్చి లేపాడు. అంతమందిని లేపినవాడు తనని తాను లేపుకోలేడా అని తల్మూద్ అడిగి తనే చెప్తుంది: ఖైదీ తన చెర నుంచి తానే విడిపించుకోలేడు.

మీకూ ఒక చెయ్యి కావాలి. ఇంట్లో అప్పు ఉందో, పిల్లల ఫీజులు ఉన్నాయో రాయలేదు, ఉంటాయనే అనుకుంటున్నాను. అంతా బాగుందని అమ్మకి చెప్పండి, సరే, కానీ మీ ఆయనకో అక్కకో, ఒక్కరికైనా నిజం చెప్పండి. వాళ్ళు చెయ్యగలిగింది లేకపోయినా పర్వాలేదు. మన తెలుగువాళ్ళు అక్కడ కేర్‌గివర్లుగా చాలామంది ఉన్నారు. మామ్మగారి ఊసు ఎత్తకుండా మీ అలసట గురించి మాట్లాడుకోవచ్చు. నిద్ర పట్టకపోవడం ఇంకా కొన్ని వారాలు సాగినా, ఊరికే ఏడుపొస్తున్నా మీ ఇన్సూరెన్స్‌లో ఉన్న డాక్టర్‌కి చూపించుకోండి. మీకూ 1201 పనిచేస్తుంది.

వారపు సెలవు మాత్రం వదులుకోవద్దు. బదులుగా డబ్బులిస్తామన్నా ఇప్పుడు ఒప్పుకోకండి. శుక్ర, శని, ఆదివారాల్లో మీకు నప్పిన రోజు అడగొచ్చు. ఇవ్వకపోతే టెల్ అవీవ్‌లో కార్మికుల తరఫున పనిచేసే 'కావ్ లఓవెద్' వాళ్ళని సలహా అడగొచ్చు. అయితే గొడవ దాకా వెళ్ళదనుకుంటున్నాను. విశ్రాంతి దినం ఆజ్ఞలోనే "నీవలె నీ దాసుడును నీ దాసియును విశ్రమించునట్లు" అని రాసి ఉంది, ఎలాగూ రబ్బీగారి దగ్గరికి వెళ్తున్నారు కదా, అదీ అడగమనండి కొడుకుగారిని. దాంతో పాటు వారంలో రెండు రాత్రులు మనవళ్ళలో ఎవరో ఒకరు వచ్చి సవ్తా గదిలో పడుకునే ఏర్పాటు చెయ్యమనండి. ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి.